టీ గిన్నె చెమరుస్తోందా? జపాన్ మట్టిపాత్రల సమస్యలు - పరిష్కారాలు

క్యోటోలో తోజి గుడి దగ్గర ప్రతి నెలా 21న పెద్ద సంత జరుగుతుంది. నా మొదటి హాగి గిన్నె (హాగి అనే ఊరి మట్టి టీ గిన్నె) అక్కడే కొన్నాను. ఇంటికి తెచ్చి మూడోసారి మాచా (పచ్చ టీ పొడి) కలిపినప్పుడు, కింద పరిచిన గుడ్డ మీద గుండ్రంగా తడి మచ్చ కనిపించింది. గిన్నె పగిలిందనుకుని టెన్షన్ పడి, హార్డ్‌వేర్ షాపులో వాటర్‌ప్రూఫ్ ద్రావణం కొని లోపలంతా పూశాను. కారడం ఆగింది. కానీ అది నోటికి తగలాల్సిన పదార్థం కాదు కాబట్టి ఆ గిన్నెలో మళ్లీ టీ తాగలేకపోయాను. అసలు విషయమేమిటంటే ఆ గిన్నెకు జబ్బేమీ లేదు. హాగి గిన్నెలు మొదట్లో అలాగే చెమరుస్తాయి.

అందుకే ఈ పాత్రల్లో ఏ తేడా కనిపించినా ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఇది దెబ్బా, స్వభావమా? మందు సంగతి ఆ తర్వాత.

లక్షణం: అడుగు నుంచి తడి వస్తోంది

గిన్నెను పూర్తిగా ఆరబెట్టి, గోరువెచ్చని నీళ్లు పోసి, పొడి టిష్యూ కాగితం మీద అరగంట ఉంచండి. తర్వాత కాగితం మీద తడి ఏ ఆకారంలో ఉందో చూడండి. అడుగు పీఠం మొత్తం సమానంగా చెమర్చితే అది మట్టి గుణం. ఒకే చోట గీతలా తడి దిగితే బీట ఉన్నట్టు.

మన ఇళ్లలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తారు కదా, ఆ పరీక్ష ఇక్కడా పనికొస్తుంది. గిన్నెను అరచేతిలో నిలబెట్టుకుని వేలి కణుపుతో మెల్లగా తట్టండి. బీట ఉంటే శబ్దం చీలినట్టు, జీరగా వస్తుంది. అయితే రాకు గిన్నెను ఈ పరీక్షతో తేల్చలేం. అది తక్కువ వేడిలో కాలిన మెత్తటి మట్టి, బాగున్నా సరే మూగగానే పలుకుతుంది.

కారణం తేలికే. హాగి మట్టి గరుకుది, గుల్లగా కాలుతుంది. పైన ఉన్న గ్లేజ్, అంటే గాజులాంటి పూత, చల్లారేటప్పుడు మట్టి కంటే ఎక్కువ ముడుచుకుంటుంది కాబట్టి సాలెగూడు లాంటి సన్నగీతలు పడతాయి. జపాన్‌లో వీటిని కన్న్యూ అంటారు. నీళ్లు ఆ గీతల్లోంచి మట్టిలోకి, మట్టిలోంచి అడుక్కి దిగుతాయి. కరాత్సు అనే ఊరి గిన్నెల్లో కొన్నిటికి కూడా ఇదే తీరు.

పరిష్కారాల్లో మొదటిది వాడుతూ ఉండటమే. మాచా పొడి చాలా మెత్తనిది, అది క్రమంగా ఆ సందుల్లోకి చేరి వాటిని మూసేస్తుంది. అంతవరకు కింద ఒక గుడ్డ వేసుకుంటే చాలు.

ఆగలేనంతగా కారుతుంటే బియ్యం కడిగిన నీళ్లు వాడాలి. జపాన్ ఇళ్లలో దీన్ని మెదొమె అంటారు, అంటే కన్నాలు మూయడం. కొత్త మట్టికుండలో గంజి కాచి అలవాటు చేసిన అమ్మమ్మలున్న ఇంట్లో పుట్టినవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. గిన్నె మునిగేలా చిక్కటి కడుగునీళ్లు చల్లగా ఉన్నప్పుడే పోసి, సన్నమంట మీద మెల్లగా వేడిచేసి, పదిహేను ఇరవై నిమిషాలు ఉంచి, ఆ నీళ్లలోనే పూర్తిగా చల్లారనివ్వండి. మరిగే నీళ్లలో చల్లటి గిన్నె వేయకండి. తర్వాత బాగా కడిగి, నీడలో కొన్ని రోజులు ఆరబెట్టాలి. లోపల చేరింది పిండి పదార్థం, తడి మిగిలితే బూజు పట్టేది దానికే.

రాకు గిన్నెను మాత్రం ఎప్పుడూ పొయ్యి మీద పెట్టకండి. బీట వల్ల కారుతుంటే ఏ గంజీ పనిచేయదు, దాని సంగతి చివర్లో చెప్తాను.

లక్షణం: రంగు మారుతోంది, గీతలు గోధుమ రంగు తిరుగుతున్నాయి

హాగి అయితే సంతోషించండి. టీ ఆ గీతల్లో చేరి ఏళ్ల తరబడి గిన్నె రంగు మారుతూ ఉంటుంది. దీనికి అక్కడ "హాగి ఏడు మార్పులు" అనే మాటే ఉంది. టీ సాధకులు, అంటే జపాన్ టీ వేడుకను సాధన చేసేవాళ్లు, గిన్నెలకు వరుస చెప్పేటప్పుడు "ఒకటి రాకు, రెండు హాగి, మూడు కరాత్సు" అంటారు. హాగికి రెండో చోటు దక్కడంలో ఈ మార్పుకు వాటా ఉందని నా నమ్మకం.

కానీ మచ్చ ఒకే చోట నల్లగా, జిడ్డుగా వస్తే అది టీ మరక కాకపోవచ్చు. నూనె చేతులతో పట్టుకున్నా, కూర వడ్డించిన గిన్నెలో తర్వాత టీ కలిపినా ఇలా అవుతుంది. వాడేముందు ప్రతిసారీ గోరువెచ్చని మంచినీళ్లలో కొన్ని నిమిషాలు నాననివ్వండి. మట్టి ముందే శుభ్రమైన నీళ్లు పీల్చుకుంటే టీ గానీ జిడ్డు గానీ అంత లోతుకు దిగవు. బ్లీచ్ మాత్రం వద్దు. గుల్ల మట్టిలోకి వెళ్లిన బ్లీచ్ కడిగినా పూర్తిగా బయటకు రాదు. గిన్నె కడగడానికి నీళ్లు, చెయ్యి చాలు. సబ్బు కూడా లోపలికి ఇంకి వాసన మిగులుస్తుంది.

బోరు నీళ్లున్న ఇళ్లలో ఇంకో రకం మచ్చ వస్తుంది. నల్ల రాకు మీద, గ్లేజ్ లేని బిజెన్ మట్టిపాత్రల మీద తెల్లటి పొర కడుతుంది. ఆ నీళ్లలోని సున్నం అది. వెనిగర్‌తో రుద్దాలనిపిస్తుంది, కానీ రాకు గ్లేజ్ మెత్తనిది, పులుపు దానికి పడదు. ఫిల్టర్ నీళ్లతో చివరిసారి కడిగి, వెంటనే మెత్తటి నూలు గుడ్డతో తుడవడం అలవాటు చేసుకుంటే ఆ పొర అసలు కట్టదు.

లక్షణం: పెట్టె తెరవగానే ముక్క వాసన

తడి ఆరకముందే గిన్నెను దాని చెక్కపెట్టెలో పెట్టారు. దాదాపు ప్రతిసారీ కారణం ఇదే. పైన ముట్టుకుంటే పొడిగానే ఉంటుంది, లోపలి మట్టి మాత్రం రోజుల తరబడి తడి పట్టుకుని ఉంటుంది. రాకు, హాగి గిన్నెల్ని వాడాక కనీసం వారం రోజులు బయట ఆరబెట్టాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో వానాకాలంలో నేనైతే రెండు వారాలు చూస్తాను. గ్లేజ్ లేని పీఠమే తడి బయటకు పోయే దారి కాబట్టి గిన్నెను పక్కకు వాల్చి, పీఠానికి గాలి తగిలేలా ఉంచాలి.

వాసన ఇప్పటికే పట్టి ఉంటే, గట్టిగా కాలిన గిన్నెను చల్లటి నీళ్లతో మొదలుపెట్టి సన్నమంట మీద కాచి, అందులోనే చల్లార్చి, మళ్లీ ఆరబెట్టండి. రాకును గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, నీళ్లు మార్చి మళ్లీ నానబెట్టి, వాసన పోయేదాకా ఓపికపట్టాలి. చెక్కపెట్టెను ఎండలో పెట్టకండి. ఈ పెట్టెలు చేసే పౌలోనియా చెక్క తేలికైనది, ఎండకు వంకర తిరిగితే మూత మళ్లీ సరిగ్గా కూర్చోదు. నీడలో మూత తీసి గాలికి ఉంచండి.

లక్షణం: సూది రంధ్రాలు, పీఠంలో కోత, గ్లేజ్ ముడతలు

కొత్తగా సేకరించేవాళ్లు "డ్యామేజ్ అయింది" అని వెనక్కి పంపేవి ఎక్కువగా ఇవే. ఇందులో నష్టం పాత్రది కాదు, మనదే.

తెల్లటి షినో గ్లేజ్‌లో కమలాపండు తొక్క మీద ఉన్నట్టు చిన్న చిన్న గుంటలుంటాయి. అవి దాని సహజ గుణం. షినో పాత్రలు సెతో అనే ఊళ్లో పుట్టాయని చాలాకాలం అనుకున్నారు. 1930లో అరకావా తోయోజో అనే కుమ్మరి, గిఫు ప్రాంతంలోని మినో కొండల్లో పాత ఆవం దగ్గర షినో పెంకు ఒకటి కనుక్కుని, అవి మినోవని తేల్చాడు. ఇప్పుడు ఆ గుంటల్ని చూసే గిన్నెకు విలువ కడతారు.

హాగి గిన్నెల పీఠంలో ముక్క కోసేసినట్టు ఖాళీ ఉండొచ్చు. అది తడి మట్టిగా ఉన్నప్పుడు కుమ్మరి కావాలని కోసిన కోత. క్యోటోలోని దైతొకుజి మఠానికి చెందిన కోహోఆన్‌లో కిజాయెమొన్ అనే గిన్నె ఉంది. కొరియాలో తయారైన ఈ గిన్నె నేడు జపాన్ జాతీయ సంపద. దాని పీఠం చుట్టూ గ్లేజ్ ముడుచుకుపోయి పూసలు కట్టి ఉంటుంది. కుమ్మరిపనిలో తప్పు అనాల్సిన ఆ ముడతలకే టీ సాధకులు పేరు పెట్టి ఇష్టపడ్డారు.

మరి అసలు దెబ్బను ఎలా గుర్తుపట్టాలి? గోరుతో అంచు తడమండి. గ్లేజ్ గుండ్రంగా కరిగి లోపలికి జారి ఉంటే ఆ పగులు ఆవంలోనే పుట్టింది. గ్లేజ్ అంచు పదునుగా తెగి, లోపలి మట్టి రంగు తాజాగా కనిపిస్తే తర్వాత తగిలిన దెబ్బ. ఫొటో చూసి కొనేటప్పుడు అమ్మేవారిని ఆ ఒక్కచోట దగ్గరి ఫొటో అడగండి.

లక్షణం: నురుగు రావడం లేదు, చాసెన్ (మాచా గిలక్కొట్టే వెదురు కుంచె) పుల్లలు విరుగుతున్నాయి

మీరు కొన్నది అన్నం గిన్నె కావచ్చు. జపనీస్‌లో చావన్ అంటే అన్నం తినే గిన్నె కూడా. అందుకే ఆ ఒక్క మాటతో వెతికితే రెండూ వస్తాయి, "మాచా చావన్" అని వెతకాలి. మామూలు మాచా గిన్నె నోరు సుమారు 12 సెంటీమీటర్లు, ఎత్తు 7-8 ఉంటుంది. అంతకంటే ఇరుకైతే వెదురు చాసెన్ తిరగదు, పుల్లలు గోడకు తగిలి విరుగుతాయి. పొడవుగా గొట్టంలా ఉండేవి చలికాలపు గిన్నెలు, పళ్లెంలా వెడల్పువి ఎండాకాలపువి. కొత్తవాళ్లు ఈ రెండింటితో మొదలుపెట్టకపోవడం మంచిది.

గిన్నె సరైనదే అయినా నురుగు రాకపోతే 2 గ్రాముల మాచాను జల్లించి, 80 డిగ్రీల నీళ్లు 70 మిల్లీలీటర్లు పోసి చూడండి. చాసెన్‌ను ముందు నీళ్లలో తడపాలి.

లక్షణం: పెట్టె మీది పేరుకూ గిన్నెకూ పొంతన లేదు

డబ్బు పోయేది ఇక్కడే, కాబట్టి తొందరపడకండి. తయారుచేసినవారే పేరు రాసి ముద్ర వేసిన పెట్టెను తొమొబాకో అంటారు. దానివల్ల ధర బాగా పెరుగుతుంది. అందుకే పాత పెట్టెలో వేరే గిన్నె పెట్టి అమ్మడం కూడా జరుగుతుంది. దాన్ని అవాసెబాకో అంటారు.

ముందు కొలత చూడండి. సొంత పెట్టెలో గిన్నె గుడ్డతో చుట్టాక సుఖంగా సరిపోతుంది, అటూ ఇటూ దొర్లదు, ఇరుక్కోదు. తర్వాత మూత మీది రాత చదివించుకోండి. అందులో మట్టి రకం, గిన్నె రకం రాసి ఉంటాయి. "ఎర్ర రాకు" అని రాసిన పెట్టెలో నల్లది ఉంటే ఇక మాటలే అక్కర్లేదు. చివరగా పెట్టె మీది ఎర్ర ముద్రను, గిన్నె పీఠం దగ్గర మట్టిలో నొక్కిన ముద్రను, గుడ్డ మీద ముద్ర ఉంటే దాన్ని పక్కపక్కన పెట్టి చూడండి.

"రాకు" అన్న మాటతో కూడా జాగ్రత్త. టీ గురువు సెన్ నో రిక్యూ కాలంలో చోజిరో అనే కుమ్మరితో మొదలైన క్యోటోలోని రాకు వంశానిది ఒక పరంపర, ఆ పద్ధతిలో ఎవరైనా చేసే రాకు పాత్ర ఇంకొకటి. అమ్మేవాళ్లు రెండింటికీ ఒకే మాట వాడతారు, ధరల్లో మాత్రం భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా ఉంటుంది.

లక్షణం: జపాన్ పింగాణీ అన్నారు, అడుగున చైనా రాజుల కాలం రాసి ఉంది

మోసమని వెంటనే అనుకోకండి. జపాన్‌లోని అరితా ఊరి పింగాణీ మీద "మహా మింగ్ చెంగ్‌హువా కాలంలో చేసినది" అనే ఆరక్షరాల గుర్తు మామూలే. చెంగ్‌హువా కాలం 1465-1487, అరితాలో పింగాణీ మొదలైంది 1600 తర్వాత. అంటే అది తేదీ కాదు, చైనా పనితనం మీద గౌరవంతో వేసిన అలంకారం. దాన్ని చూసి గిన్నె వయసు కట్టకండి. "మేడ్ ఇన్ జపాన్" అని ఇంగ్లీషులో ఉంటే ఎగుమతి కోసం చేసిన సరుకు.

లక్షణం: బీటకు వేసిన బంగారం ఊడుతోంది, లేదా చేతికి అంటుకుంటోంది

బీటను అతికి పైన బంగారం వేయడాన్ని కిన్‌త్సుగి అంటారు. ఆ పేరుతో అమ్మే కిట్లలో చాలావాటిలో ఉండేది ఎపాక్సీ జిగురు, ఇత్తడి పొడి. అలంకారానికి సరే, ఆహారానికి పనికిరాదని కిట్ మీదే రాసి ఉంటే ఆ గిన్నెలో టీ పోయకండి. అసలు కిన్‌త్సుగి ఉరుషి అనే చెట్టు లక్కతో చేస్తారు. పైన వేసేది నిజమైన బంగారపు పొడి.

ఉరుషి జిగటగా మిగిలితే కారణం చాలామంది ఊహించనిది: గది మరీ పొడిగా ఉంది. ఉరుషి తడి ఆవిరైపోయి ఆరదు, గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది. సుమారు 70-85 శాతం తేమ, 20-30 డిగ్రీల వేడి కావాలి. ఏసీ గదిలో పెడితే నెలైనా అలాగే ఉంటుంది. అట్టపెట్టెలో తడిపి పిండిన గుడ్డ వేసి, గుడ్డకు తగలకుండా గిన్నెను అందులో పెట్టి మూయండి. గుడ్డను రోజూ తడుపుతూ, పొరకూ పొరకూ మధ్య రోజులు, జిగురు పొరకైతే వారాలు ఆగాలి.

చేతికి దద్దుర్లొస్తే అది పచ్చి ఉరుషి చేసే పని. ఉరుషి చెట్టు మన మామిడి, జీడిమామిడి కుటుంబానిదే. జీడి రసం తగిలితే ఒళ్లు పొక్కేవాళ్లు, మామిడి సొన పడనివాళ్లు దీని జోలికి మరింత జాగ్రత్తగా వెళ్లాలి. రబ్బరు గ్లవ్స్ వేసుకుని, పొడుగు చేతుల చొక్కాతో పని చేయండి. చర్మానికి తగిలితే నీళ్లకు ముందు వంటనూనెతో తుడిచి, తర్వాత సబ్బుతో కడగండి. దద్దుర్లు ముఖానికి పాకితే డాక్టరుకు చూపించండి. పూర్తిగా గట్టిపడ్డాక ఉరుషి దురద పెట్టదు, అప్పుడు టీ తాగొచ్చు. ఆ గిన్నెను మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకండి, బీట మీద ఉన్నది లోహం.