కార్తీక పౌర్ణమికి 365 వత్తుల కట్ట: మంట అదుపులో ఉండాలంటే

గంటకు 5 గ్రాముల నూనె తాగే చిన్న దీపం ఇచ్చే వేడి సుమారు 50 వాట్లు. అదే 365 వత్తుల కట్టకు 50 గ్రాముల నెయ్యి పట్టించి వెలిగిస్తే, అది పది నిమిషాల్లో కాలిపోయిందనుకుంటే, వేడి 3,000 వాట్లకు చేరుతుంది. గ్యాస్ పొయ్యి పెద్ద బర్నర్ పూర్తిగా తిప్పినట్టే.

కట్ట మధ్యలో ఉన్న వత్తులకు గాలి అందదు. అక్కడి నెయ్యి ఆవిరై పైకి లేచి, గాలి తగిలిన చోట మండుతుంది. మంట జానెడు దాటి లేచేది, కొసన నల్లటి మసి కక్కేది అందుకే. ఆ సెగకు కింది నెయ్యి ఇంకా తొందరగా ఆవిరవుతుంది కాబట్టి మొదటి నిమిషం మంట చూసి ధీమా పడొద్దు.

కరిగించిన నెయ్యిలో అరగంట నాననిచ్చి, పైకెత్తితే బొట్టు కారనంతగా పిండండి. ప్రమిదలో నెయ్యి మడుగు కట్టకూడదు. వేడెక్కితే మడుగంతా అంటుకుంటుంది. నూనె పీల్చకుండా ప్రమిదలను నీళ్లలో నానబెట్టడం మామూలే. చిన్న దీపానికి పర్లేదు గానీ, ఇంత మంటకు మట్టిలోని తడి ఆవిరై ప్రమిద పగలవచ్చు. బాగా ఎండిన వెడల్పాటి ప్రమిద తీసుకుని, ఇసుక పోసిన పళ్లెంలో పెట్టండి. పైన తోరణం, పక్కన ఉసిరి కొమ్మ, చీర కొంగు ఏవీ మీటరు లోపల ఉండకూడదు. కట్ట కొసన చిటికెడు కర్పూరం పెట్టి ఒక్కచోటే అంటిస్తే చాలు, మిగతాది అదే పాకుతుంది.

మంట తగ్గుతోందని మధ్యలో నెయ్యి పోయడం అన్నిటికన్నా ప్రమాదం. ధార వెంట మంట చేతి దాకా రావచ్చు.

మరీ ఎగస్తే వెడల్పాటి స్టీలు మూత పక్కనుంచి జరుపుతూ కప్పి, చల్లారే దాకా తీయకండి. నీళ్లు పోయకండి: కాగిన నెయ్యి అడుగుకు దిగిన నీరు ఒక్కసారిగా ఆవిరై 1,700 రెట్లు ఉబ్బి, మండుతున్న నెయ్యిని చిమ్ముతుంది.

దీపం కొండెక్కాక లేచే తెల్లటి పొగ మండని నెయ్యి ఆవిరే. దగ్గర్లో నిప్పు తగిలితే మళ్లీ భగ్గుమంటుంది. మంట లేకపోయినా లోపలి దూది కణకణలాడుతూనే ఉంటుంది. ప్రమిద చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక, వత్తుల మసిని నీళ్ల బకెట్లో ముంచి, అప్పుడు తులసి మొదట్లో వేయండి.