రొద మానిన వాల్వు ఆంప్లిఫయర్

గిటార్ కోసం నేనే కట్టుకున్న చిన్న ఆంప్లిఫయర్ ఇది. లోపల రెండు వాల్వులు (గాజు వాక్యూమ్ గొట్టాలు): ముందు సిగ్నల్‌ను పెంచే 12ఏఎక్స్7, వెనక స్పీకరును నడిపే ఈఎల్84. వాల్వులు వేడెక్కగానే స్పీకరులో తుమ్మెద దూరినట్టు ఒకటే రొద. వాల్యూమ్ సున్నాకు తిప్పినా తగ్గలేదు, అంటే గిటార్‌ది తప్పు కాదు. కరెంటు ఆపి, ముందు వాల్వు తీసేసి, మళ్లీ కరెంటు వేసి చూస్తే రొద దాదాపు పోయింది, అంటే అది ఆ వాల్వు దగ్గరే దూరుతోంది.

దొంగ హీటరు తీగల్లో, అంటే వాల్వులను వేడిచేసే తీగల్లో ఉన్నాడు. 6.3 వోల్టుల ఏసీ తీగలను సిగ్నల్ తీగ పక్కనే పరిచాను. పైగా నా ట్రాన్స్‌ఫార్మరులో ఆ తీగలకు కరెంటిచ్చే చుట్టకు, ఎర్తుకు కలపడానికి మధ్య కొస (సెంటర్ ట్యాప్) లేదు. ఆ రెండు హీటరు తీగలనూ జడలా బిగించి పేని, ఛాసీ (లోహపు పెట్టె) మూలకు అదిమాను. ఒక్కో తీగ నుంచి ఎర్తుకు 100 ఓముల రెసిస్టరు వేశాను. ఇంటి కరెంటు తెచ్చే 50 హెర్ట్జ్ రొద అక్కడితో సరి.

మిగిలింది గరుకైన 100 హెర్ట్జ్ జీర. ఏసీని డీసీగా మార్చాక మిగిలే 100 హెర్ట్జ్ అలలను నునుపు చేసే మొదటి ఫిల్టరు కెపాసిటరు ఎర్తును ఇన్‌పుట్ జాక్ దగ్గర అతికించిన ఘనత నాదే! దాన్ని నేరుగా హైవోల్టేజి చుట్ట మధ్య కొసకు కలిపాను.

ప్లగ్గులో ఎర్తు పిన్ను తీసేయమని ఒక మిత్రుడి సలహా. ప్రాణాల మీదికి తెచ్చే పని అది, వినలేదు. ప్లగ్గు పీకాక కూడా కెపాసిటరులో 300 వోల్టులు నిలిచి ఉండవచ్చు. రెసిస్టరుతో ఖాళీ చేసి, మీటరు పెట్టి చూశాకే చెయ్యి వేశాను.

ఇప్పుడు స్పీకరు బట్టకు చెవి ఆనిస్తే తప్ప ఏమీ వినబడదు.