ఫుట్‌బాల్ నేర్చుకుందాం – 6వ పాఠం: స్కిల్, దమ్ము, కసి

పోయిన పాఠంలో, గోడకు కొట్టిన బంతి తిరిగొచ్చినప్పుడు ఒక్క తాకుతో అదుపు చేసి, రెండో తాకుతో మళ్లీ గోడకు పంపడం సాధన చేశాం. అది రెండు కాళ్లతోనూ ఓ మోస్తరుగా వచ్చేదాకా ఈ పాఠం మొదలుపెట్టకండి. ఇవాళ్టి పరీక్ష మొత్తం దాని మీదే నడుస్తుంది.

గ్రౌండ్ గట్టు మీద కూర్చుని చూసేవాళ్లు, జట్టు ఓడగానే "వీళ్లలో కసి లేదు" అనేస్తారు. చాలాసార్లు ఆ మాట అన్యాయం. 60వ నిమిషం దాటాక కాళ్లు లేవని ఆటగాడు కూడా దూరం నుంచి చూస్తే కసి లేనివాడిలాగే ఉంటాడు. ఎడమ కాలితో పాస్ ఇవ్వడం రానివాడు ఎడమ పక్కన బంతి అడగడు, దాంతో అతనికి పిరికివాడని పేరొస్తుంది. అసలు లోపం స్కిల్‌లో ఉందా, దమ్ములో (అంటే అలుపు తట్టుకునే శక్తిలో) ఉందా, మనసులో ఉందా అన్నది తేల్చుకోకుండా ఎంత చెమటోడ్చినా లాభం ఉండదు. అది మీ అంతట మీరే తేల్చుకోవడం ఎలాగో ఈ పాఠంలో చూద్దాం.

ముందు 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ సంగతి. మన జట్టు కోచ్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులుగా పనిచేసిన మనిషి. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు అప్పట్లో బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ పోటీని 1950 నుంచి వరుసగా 5 సార్లు గెలిచింది. జకార్తాలో మనవాళ్లు తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడారు. తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం సాబ్ ఆయన్ని సెమీఫైనల్లో ఏకంగా సెంటర్ ఫార్వర్డ్‌గా, అంటే ముందుండి గోల్స్ కొట్టే ఆటగాడిగా దించారు. జర్నైల్ దక్షిణ వియత్నాం మీద గోల్ కొట్టారు. సెప్టెంబర్ 4న ఫైనల్లో మళ్లీ అదే దక్షిణ కొరియా మీద కూడా కొట్టారు. మరో గోల్ పీకే బెనర్జీది. ఫ్లూతో నీరసపడిన పీటర్ తంగరాజ్ గోల్‌పోస్ట్ దగ్గర నిలబడ్డారు. స్టేడియంలో జనం మనకు వ్యతిరేకంగా అరుస్తుండగా 2-1తో బంగారు పతకం మనదైంది. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్లో ఆ తర్వాత మనకు మళ్లీ బంగారం రాలేదు.

ఈ కథను చెప్పేవాళ్లు కుట్లు, జ్వరం దగ్గర ఆగిపోతారు. నాకు మాత్రం అందులో స్కిల్ ముందు కనిపిస్తుంది. డిఫెండర్‌ని ఫార్వర్డ్‌గా పంపితే గోల్ కొట్టాడంటే, ఆ పనికి కావలసిన తాకు, షాట్ అప్పటికే ఆ కాళ్లలో ఉన్నాయన్నమాట. కసి వాటిని ఆ గాయంతోనూ పనిచేయించింది. లేని విద్యను అది తెచ్చిపెట్టలేదు. (ఆ రోజులు వేరు. ఇవాళ తలకు దెబ్బ తగిలితే డాక్టర్ చూసి సరేననేదాకా గ్రౌండ్‌లోకి దిగవద్దు.)

ఇంకో ఉదాహరణ 1966 ప్రపంచకప్. ఉత్తర కొరియా ఆటగాళ్లు అలుపన్నది లేకుండా పరిగెత్తి మిడిల్స్‌బ్రోలో ఇటలీని 1-0తో ఇంటికి పంపారు. క్వార్టర్ ఫైనల్లో పోర్చుగల్ మీద 25 నిమిషాలకే 3-0తో ముందుకెళ్లారు. దమ్ము, కసి రెండూ నిండుగా ఉన్న జట్టు అది. చివరికి 5-3తో పోర్చుగల్ గెలిచింది. అందులో 4 గోల్స్ యుసేబియో ఒక్కడివే. తొలి గోల్ కొట్టాక అతను సంబరం చేసుకోలేదు, వలలోంచి బంతి తీసుకుని సెంటర్ వైపు పరిగెత్తాడు. ఈ చిన్న పని గుర్తుపెట్టుకోండి, కిందికి వెళ్లాక అవసరమవుతుంది.

ఇక పరీక్ష. కావలసినవి ఒక గోడ, బంతి, ఫోన్లో టైమర్, గుర్తులకు రెండు ఇటుకలు. బాగా వార్మప్ చేశాక గోడకు 5 పెద్ద అంగల దూరంలో నిలబడండి. ఒక్క నిమిషంలో, కాళ్లు మార్చి మార్చి, రెండు తాకుల్లో ఎన్నిసార్లు శుభ్రంగా గోడకు పంపగలిగారో లెక్కపెట్టండి. బంతి కాలికి తగిలి దూరంగా ఎగిరిపోతే అది లెక్కలోకి రాదు. ఆ అంకె రాసుకోండి. తర్వాత 20 మీటర్ల దూరంలో రెండు ఇటుకలు పెట్టి, వేగంగా వెళ్లి రండి, 20 సెకన్లు ఆగండి. ఇలా 8 సార్లు. చివరిది పూర్తవగానే, కూర్చోకుండా, మళ్లీ గోడ దగ్గర ఒక్క నిమిషం.

మొదటి అంకే తక్కువగా ఉంటే, మీకు ఇంకే చర్చా అక్కర్లేదు, స్కిల్ మీదే పనిచేయాలి. మొదట 24 వచ్చి, పరుగు తర్వాత 18 వస్తే ఫర్వాలేదు. 12కు పడిపోతే మీకున్న స్కిల్‌లో సగం మ్యాచ్ రెండో అర్ధభాగంలో మీ దగ్గర ఉండదు. పెద్దల మ్యాచ్‌లో మిడ్‌ఫీల్డర్ 10 కిలోమీటర్ల పైనే తిరుగుతాడు. అందులో బంతి అతని కాళ్ల దగ్గర ఉండేది మొత్తం మీద ఏ రెండు నిమిషాలో. ఆ రెండు నిమిషాలూ కాళ్లు మాట వినాలంటే మిగతా 88 నిమిషాలు తట్టుకునే దమ్ము ఉండాలి.

అయినా కొత్తగా నేర్చుకునేవారికి నేను స్కిల్‌కే పెద్దపీట వేయమంటాను, ముఖ్యంగా పిల్లలకు. శ్రద్ధగా పరిగెడితే రెండు నెలల్లో దమ్ములో తేడా తెలుస్తుంది, మానేస్తే కొన్ని వారాల్లోనే తగ్గిపోతుంది. బంతి మీద తాకు కుదరడానికి ఏళ్లు పడుతుంది, కానీ కుదిరాక అంత తేలిగ్గా పోదు. చిన్న వయసులో గ్రౌండ్ చుట్టూ రౌండ్లు కొట్టించి, బంతి ఇవ్వకుండా ఇంటికి పంపే శిక్షణ చూస్తే నాకు బాధేస్తుంది.

స్కిల్ తక్కువని తేలినవాళ్లు రహీం సాబ్ పద్ధతి పట్టుకోండి. ఆయన హైదరాబాద్‌లో డ్రిబ్లింగ్ లేకుండా ఆడే పోటీలు, వాటం లేని కాలితోనే ఆడే పోటీలు పెట్టించారు. మీరూ నలుగురు నలుగురుగా చిన్న గ్రౌండ్‌లో, వాటం లేని కాలితో కొట్టిన గోల్ మాత్రమే చెల్లుతుందనే నియమంతో ఆడండి. మొదటి రెండు రోజులు చిరాకొస్తుంది. ఆపకండి.

దమ్ము తక్కువైనవాళ్లకు నిదానంగా సాగే జాగింగ్ ఒక్కటే చాలదు. ఫుట్‌బాల్లో పరుగు ముక్కలు ముక్కలుగా ఉంటుంది: ఒక దౌడు, కాస్త నడక, మళ్లీ దౌడు. అందుకే పైన చెప్పిన 20 మీటర్ల పరుగులే వారానికి రెండు రోజులు చేయండి, ప్రతి నాలుగు పరుగులకోసారి గోడ దగ్గర అర నిమిషం పాసులు కలపండి. ఎండాకాలంలో ఉదయం 7 లోపే ముగించాలి. తల తిరిగినా, కడుపులో తిప్పినా వెంటనే నీడలోకి వెళ్లి నీళ్లు తాగండి. ఆ రోజుకు సాధన అయిపోయినట్టే.

రెండు అంకెలూ బాగుండి, మ్యాచ్‌లో మాత్రం తేలిపోతున్నారా? అప్పుడు మనసు సంగతి చూడాలి. దీన్ని కూడా లెక్కపెట్టవచ్చు. 20 నిమిషాల ఆటలో ఒక స్నేహితుణ్ని బయట కూర్చోబెట్టి రెండే విషయాలు రాయమనండి. బంతి పోగొట్టుకున్నాక 5 సెకన్లలోపు వెనక్కి పరిగెత్తారా? తప్పు పాస్ ఇచ్చాక నిమిషంలోపు మళ్లీ బంతి అడిగారా? అరుపులు, ఛాతీ చరుచుకోవడం రాయనక్కర్లేదు. యుసేబియో వలలోంచి బంతి తెచ్చిన పని ఈ కోవలోదే. గోల్ పడ్డా, గోల్ కొట్టినా, వెంటనే చేయాల్సిన పని తెలిసి ఉంటే టెన్షన్‌కు చోటు తగ్గుతుంది. స్నేహితుడి కాగితంలో "లేదు" ఎక్కువగా ఉంటే తర్వాతి ఆటకు ఒక్కటే లక్ష్యం పెట్టుకోండి: తప్పు పాస్ ఇచ్చిన ప్రతిసారీ చెయ్యెత్తి బంతి అడగడం. గోల్స్ గురించి ఆ రోజు ఆలోచించవద్దు.

ఈ పరీక్ష ఇవాళ ఒకసారి, సరిగ్గా మూడు వారాల తర్వాత ఒకసారి చేసి, అంకెలు ఒకే పేజీలో పక్కపక్కన రాసుకోండి. 7వ పాఠంలో ముగ్గురు కలిసి త్రిభుజంలో పాసులు ఆడటం నేర్చుకుంటాం. దానికి ఇంకో ఇద్దరు కావాలి కాబట్టి, ఈలోపు వాళ్లను మాట్లాడి పెట్టుకోండి.