ఐగెన్ విలువలు తేడా కొడుతున్నాయా? ముందు గీతలు చూడండి

విజయనగరంలో పీజీ మ్యాథ్స్ పిల్లలకు నేను మొదట ఇచ్చే ప్రాజెక్టు మన రైలు మార్గాలే. స్టేషన్ ఒక బిందువు, పక్క స్టేషన్‌కు పట్టా ఒక గీత. ఈ గీతల్ని అంకెల పట్టికగా, అంటే మాత్రికగా రాసి, దాని ఐగెన్ విలువలు లెక్కించాలి. కొన్ని అంకెల వరుసల్ని (సదిశల్ని) మాత్రికతో గుణిస్తే అదే వరుస కొన్ని రెట్లయి వస్తుంది; ఎన్ని రెట్లో చెప్పేదే ఐగెన్ విలువ. జవాబు తేడాగా వస్తే అందరూ ప్రోగ్రామ్‌ని అనుమానిస్తారు. నేను చూసినంతలో చాలాసార్లు సంగతంతా నెట్‌వర్క్ ఆకారంలోనే ఉంటుంది.

సమస్య: లాప్లాసియన్ మాత్రికకు (వికర్ణం మీద, అంటే మూల నుంచి మూలకు, ఒక్కో స్టేషన్‌కున్న గీతల సంఖ్య; గీత ఉన్నచోట -1, మిగతాచోట 0) ఐగెన్ విలువగా సున్నా రెండుసార్లు వస్తోంది.
కారణం: ఎన్ని సున్నాలో నెట్‌వర్క్ అన్ని ముక్కలు. ఒకమ్మాయి దీనికోసం రెండు రోజులు టెన్షన్ పడి కోడంతా తిరగరాసింది. నోటుబుక్ తెప్పించి చూశాను. పొందూరు వైపు గీత ‘శ్రీకాకుళం రోడ్’ దగ్గర ఆగింది, పలాస వైపు గీత ‘ఆమదాలవలస’ దగ్గర మొదలైంది. రెండూ ఒకే స్టేషన్! ఆ సంగతి మాత్రికకు ఎలా తెలుస్తుంది?
పరిష్కారం: పేర్లు ఒకటి చేయండి. 0.0000000000000002 లాంటిది కనిపించినా సున్నా కిందే లెక్క.

సమస్య: అతిపెద్ద ఐగెన్ విలువ కోసం, గీత ఉన్నచోట 1, లేనిచోట 0 రాసిన మాత్రికతో ఒక సదిశను మళ్లీ మళ్లీ గుణిస్తుంటే జవాబు కుదురుకోక రెండింటి మధ్య ఊగుతోంది.
కారణం: మన మార్గం చెట్టులా కొమ్మలేస్తుంది, చుట్టు తిరిగి రాదు. స్టేషన్లకు ఎరుపు, నీలం వేస్తూ పోతే పక్కపక్కన ఒకే రంగు పడదు. అలాంటిచోట ఐగెన్ విలువలు ప్లస్, మైనస్ జంటలుగా వస్తాయి.
పరిష్కారం: వికర్ణం మీద 1 కలపండి, వచ్చిన విలువలోంచి 1 తీసేయండి. సదిశ మారదు.

సమస్య: సగటు డిగ్రీ (ఒక్కో బిందువుకున్న గీతల సంఖ్య) రెండే, అదే 1, 0 మాత్రికకు అతిపెద్ద ఐగెన్ విలువ మాత్రం 10.
కారణం: హబ్, అంటే చాలా గీతలు కలిసే బిందువు. ఒక్క బిందువుకు 100 కొసలు తగిలిస్తే వర్గమూలం 10 వస్తుంది. అంటువ్యాధి మోడల్లో ఈ విలువ పెరిగేకొద్దీ వ్యాధి తేలిగ్గా పాకుతుంది.
పరిష్కారం: సగటు పక్కన పెట్టి, హబ్‌ని తీసేసి మళ్లీ లెక్కించండి.

సమస్య: ప్రతి స్టేషన్ పక్కవాళ్ల విలువ వైపు కొద్దికొద్దిగా జరుగుతోంది, అయినా అందరూ ఒక్కమాట మీదికి రావడం లేదు.
కారణం: నాకు బాగా ఇష్టమైనది ఇదే. ఒక్కమాట మీదికొచ్చే వేగాన్ని లాప్లాసియన్ ఐగెన్ విలువల్లో రెండో అతిచిన్నది నడుపుతుంది. తిన్నని వరుసలో 10 స్టేషన్లుంటే అది సుమారు 0.098, 20 ఉంటే 0.025. పొడవు రెట్టింపైతే వేగం నాలుగో వంతు.
పరిష్కారం: ఒక గీత చాలు. 10 స్టేషన్ల వరుసకు రెండు కొసలూ కలిపితే 0.382 అవుతుంది. కొమ్మలున్నచోట ఎక్కడ కలపాలో తెలియకపోతే ఆ విలువ తాలూకు సదిశ చూడండి. 1973లో చెక్ గణితవేత్త ఫీడ్లర్ ఈ విలువకున్న ప్రాధాన్యం చూపించాడు. సదిశలో బాగా ప్లస్‌లో ఉన్న స్టేషన్‌నీ, బాగా మైనస్‌లో ఉన్నదాన్నీ కలిపి లెక్క మళ్లీ నడపండి.