విటమిన్ జన్యువుల వరుస – 4వ పాఠం: మొదటి గండి, ఆఖరి గండి

పోయిన పాఠంలో పెన్సిలిన్‌తో మ్యూటెంట్లను, అంటే జన్యువు దెబ్బతిన్న కణాలను, ఏరడం చూశాం. పెన్సిలిన్ పెరుగుతున్న కణాలనే చంపుతుంది. బయోటిన్ అనే విటమిన్ లేక పెరగడం ఆగిపోయినవి దాన్ని తప్పించుకుంటాయి. అలా ఏరిన ఇ. కొలై బ్యాక్టీరియా మ్యూటెంట్లు ఐదు మన చేతిలో ఉన్నాయనుకుందాం: క, గ, చ, ట, ప. ఏది ఏ మెట్టు దగ్గర ఆగిందో ఈ రోజు కాగితం మీద తేల్చాలి.

ముందు కణంలో బయోటిన్ తయారయ్యే దారి గుర్తు చేసుకోండి. బయో-సి, బయో-హెచ్ జన్యువుల సాయంతో పిమెలాయిల్ గొలుసు తయారవుతుంది. బయో-ఎఫ్ దాన్ని కాపాగా, బయో-ఏ కాపాను డాపాగా, బయో-డి డాపాను డీథయోబయోటిన్‌గా మారుస్తాయి. ఈ మూడూ దారి మధ్యలో వచ్చే పదార్థాలు. చివర బయో-బి అందులో గంధకం చేర్చి బయోటిన్ చేస్తుంది. ఈ వరుసను నోటికి వచ్చేదాకా రాయండి, మిగతా పాఠమంతా దీనిమీదే నడుస్తుంది.

మొదటి పరీక్ష తిండి పరీక్ష. ఒక్కో మ్యూటెంట్‌కు ఒక్కో పదార్థం ఇచ్చి చూస్తాం. క బయోటిన్‌తో మాత్రమే పెరిగింది. గ డీథయోబయోటిన్‌తో కూడా పెరిగింది. చ కి ఆ రెండూ చాలు, డాపా ఇచ్చినా సరే. ట కి కాపా ఇచ్చినా సరిపోయింది. ప మాత్రం క లాగే బయోటిన్ తప్ప ఏదీ ముట్టలేదు. దీన్నిబట్టి ట బయో-ఎఫ్‌లో (లేదా దానికి ముందున్న బయో-సి, బయో-హెచ్‌లలో ఒకదానిలో), చ బయో-ఏలో, గ బయో-డిలో, క, ప రెండూ బయో-బిలో దెబ్బతిన్నాయని రాసుకుంటారు. అక్కడే ఆగిపోకండి.

రెండో పరీక్ష పొరుగు పరీక్ష. బయోటిన్ దాదాపు లేని ప్లేటు మీద రెండు మ్యూటెంట్లను పక్కపక్కనే గీతలుగా గీస్తాం. దారి మధ్యలో ఆగిన కణంలో ఆగిన చోటి పదార్థం పేరుకుని బయటికి కారుతుంది. పక్క గీతకు అది అందితే, దాని లోపం అంతకంటే ముందు మెట్టులో ఉంటే, అది పెరుగుతుంది. కాబట్టి వెనక మెట్టులో ఆగినదే ముందు మెట్టులో ఆగినదానికి తిండి పెడుతుంది. క అందరికంటే ఉదారం: గ, చ, ట మూడూ దాని పక్కన పెరిగాయి. గ వల్ల చ, ట పెరిగాయి. చ వల్ల ట ఒక్కటే పెరిగింది. ట ఎవరికీ పెట్టలేదు.

ప్లేటు చదివేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఇ. కొలైలో బయోటిన్ అతికే ప్రొటీన్ ఒక్కటే, అందుకే దానికి కావలసిన బయోటిన్ అత్యల్పం. పాత మీడియంలోంచి కణాలతో వచ్చిన రవ్వంత బయోటిన్ కూడా ఫలితాన్ని పాడుచేస్తుంది, కాబట్టి కణాలను ముందు బాగా కడగాలి. అలాగని బయోటిన్ బొత్తిగా లేకపోతే తిండి పెట్టే గీత మొలకే ఎత్తదు. కొద్దిగా పెరిగి, కొరత మొదలవ్వాలి. బయోటిన్ నిండుగా ఉన్నప్పుడు బిర్-ఏ ప్రొటీన్ దాని క్రియాశీల రూపాన్ని పట్టుకుని ఆపెరాన్ (ఒకే చోట ఉండి కలిసి నియంత్రణ పొందే జన్యువుల గుంపు) మీద కూర్చుని జన్యువులను మూసేస్తుంది. కొరతలో అది లేచిపోతుంది, ఎంజైములు పొంగుతాయి, పదార్థం ధారాళంగా కారుతుంది.

ఇక రివర్టెంట్లు. పొరుగు తిండితో వచ్చిన పెరుగుదల పక్క గీతకు దగ్గరి అంచున దట్టంగా మొదలై దూరం పోయేకొద్దీ పలచబడుతుంది. లోపం తనంతట తాను సరిదిద్దుకున్న కణాలు మాత్రం ఎక్కడంటే అక్కడ విడివిడి కాలనీలుగా కనిపిస్తాయి. 1946లో లెడర్‌బర్గ్, టేటమ్ అనే శాస్త్రవేత్తలు బ్యాక్టీరియాలో జన్యు కలయికను చూపినప్పుడు ఈ చిక్కును దాటడానికే ఒకటికి మించిన లోపాలున్న రకాలను వాడారు. ఒక రకానికి బయోటిన్, మెథియోనిన్ కావాలి. రెండోదానికి థ్రియోనిన్, లూసిన్, థయమిన్ కావాలి. అన్ని లోపాలూ ఒకేసారి సరికావడం దాదాపు అసాధ్యం. విటమిన్ జన్యువుల మీద నాకున్న ప్రేమకు ఈ ప్రయోగం ఒక పెద్ద కారణం.

ఇప్పుడు ప సంగతి. తిండి పరీక్షలో అది అచ్చంగా క. అలాగైతే క లాగే గ, చ, ట లకు తిండి పెట్టాలి. ఒక్కదానికీ పెట్టలేదు! చాలామంది ఇక్కడ ప్లేటును అనుమానిస్తారు. ప్లేటులో తప్పేమీ లేదు.

కాలువను తలుచుకోండి. రెండు చోట్ల గండి పడితే, నీళ్లు బయటికి పోయేది మొదటి గండి దగ్గర. కింది పొలానికి నీళ్లు అందాలంటే పోయాల్సింది ఆఖరి గండి దాటాక. అలాగే పొరుగు పరీక్ష మొదటి గండిని చూపిస్తుంది, తిండి పరీక్ష ఆఖరి గండిని చూపిస్తుంది. రెండూ ఒకే మెట్టును చూపితే గండి ఒకటే. తేడా వస్తే ఒకటికంటే ఎక్కువ ఉన్నాయి.

ఒక్క మ్యూటేషన్‌తో అన్ని గండ్లు ఎలా? జన్యువుల అమరిక చూడండి. బయో ఆపెరాన్ మధ్యలోని నియంత్రణ ప్రాంతం నుంచి ఒకవైపుకు బయో-ఏ, రెండోవైపుకు బి, ఎఫ్, సి, డి ఈ వరుసలో చదవబడతాయి. బయో-హెచ్ క్రోమోజోమ్‌లో ఇంకెక్కడో ఉంది. దారిలో ఆఖరి పని చేసే బయో-బి ఇక్కడ ముందు వరుసలో ఉండటం గమనించారా? మ్యూ ఫేజ్ (బ్యాక్టీరియా డీఎన్ఏలో చొరబడే వైరస్) బయో-బిలో చొరబడితే, దాని వెనకనున్న ఎఫ్, సి, డి లను చదవడం కూడా ఆగిపోతుంది. దీన్నే పోలార్ ప్రభావం అంటారు. అప్పుడు మొదటి గండి బయో-సి దగ్గరే పడుతుంది. కాపా గానీ డీథయోబయోటిన్ గానీ తయారే కావు, ఇక కారేదేముంది? ప లో జరిగింది ఇదే.

వచ్చే పాఠంలోగా ఇది చేయండి. మ్యూ ఈసారి బయో-సిలో చొరబడింది. ఆ మ్యూటెంట్ కాపా, డాపా, డీథయోబయోటిన్, బయోటిన్‌లలో వేటితో పెరుగుతుంది? దాని పక్కన గ, చ, ట లలో ఏది పెరుగుతుంది? కాగితం మీద రెండు వరుసలూ, అంటే దారి వరుస, ఆపెరాన్ వరుస, ఒకదాని కింద ఒకటి రాసి ఆగిన జన్యువులన్నిటినీ రెండింటిలోనూ కొట్టేయండి. ఆ తర్వాతే జవాబు రాయండి.