కర్రగుర్రం, పెద్దల కోసం – 4వ పాఠం: క్యాంటర్

గుర్రం తల తగిలించిన కర్రను కాళ్ల నడుమ పెట్టుకుని, గుర్రపు నడకలను మన కాళ్లతో వేసే ఆట ఇది. కిందటి పాఠంలో ట్రాట్ దగ్గర ఆగాం, అంటే మామూలు నడక కంటే వేగమైన దుడుకు నడక దగ్గర. మోకాళ్లు బాగా పైకి లేపుతూ, గుర్రం తల అటూ ఇటూ ఊగకుండా ఒక నలభై అడుగులు వేయగలుగుతున్నారా? అయితే ముందుకు చదవండి. లేకపోతే ఇంకో వారం ట్రాట్‌లోనే ఉండండి, ఈ పాఠం ఎక్కడికీ పోదు.

క్యాంటర్ అంటే ట్రాట్‌కూ పూర్తి దౌడుకూ నడుమ ఉండే నడక. సంస్కృత నిఘంటువులు గుర్రపు నడకలకు ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అని ఐదు పేర్లు పెట్టి, వాటిని ధారలు అన్నాయి. వీటిలో క్యాంటర్ ఏదో తేల్చే పని పండితులకు వదిలేసి, మనం క్యాంటర్ అనే అందాం.

ముందు చెవితో నేర్చుకోవాలి. గుర్రం మామూలుగా నడిస్తే నాలుగు డెక్కల చప్పుళ్లు విడివిడిగా వినిపిస్తాయి: తకధిమి. ట్రాట్‌లో ఎదురుబొదురు మూలల కాళ్లు జతగా పడతాయి కాబట్టి రెండే: తక, తక. క్యాంటర్‌లో మూడు చప్పుళ్లు, ఆపైన నాలుగు కాళ్లూ గాలిలో ఉండే ఒక క్షణం నిశ్శబ్దం. మనకున్నవి రెండే కాళ్లు. అందుకని తకిట అనుకోండి. ‘త’కు వెనుక కాలు, ‘కి’కి ముందు కాలు, ‘ట’కు గాలిలో. ఆ మూడో అక్షరం నేల మీద పలికిందంటే అది పరుగు, క్యాంటర్ కాదు.

ఇప్పుడు కాళ్లు. ఎడమ కాలు ముందు పెట్టండి. కుడి కాలు దాని మడమ దాకా వచ్చి దాని చోటు తీసుకుంటుంది, ఎడమ మళ్లీ ముందుకు పోతుంది. కుడి కాలు ఎప్పుడూ ఎడమను దాటకూడదు. చిన్నప్పుడు ఇది మనకు ఎవరూ నేర్పలేదు, వచ్చేసింది. పెద్దయ్యాక పది అడుగులు కాగానే వెనుక కాలు దాటిపోతుంది, మనకు తెలియను కూడా తెలియదు. తెలుసుకోవడానికి తడి మట్టి కంటే మంచి గురువు లేదు. వాన వెలిసిన తర్వాత మెత్తటి నేల మీద ఒక వరస పోయి, వెనక్కి వచ్చి మీ అడుగుజాడలు చూడండి. జంటలు జంటలుగా, ప్రతి జంటలో ఎడమ పాదం ముందు, నడుమ ఖాళీ కనిపించాలి. నా మొదటి వరసలో ఆరో జంట దగ్గర కుడి పాదం ముందుకు వచ్చేసింది. సరిగ్గా అక్కడే ఎవరైనా చూస్తున్నారేమోనని తల తిప్పాను.

ఏ కాలు ముందుండాలన్నది ఇష్టం వచ్చినట్టు కాదు. ఎడమవైపు వలయం తిరిగితే ఎడమ కాలు, కుడివైపు తిరిగితే కుడి కాలు. దీన్నే లీడ్ అంటారు. దిశ మార్చాలంటే ప్రస్తుతానికి రెండు మూడు అడుగులు ట్రాట్‌లోకి దిగి, కాలు మార్చి మళ్లీ ఎక్కండి. గాలిలో ఉన్న ఆ ‘ట’లోనే కాళ్లు మార్చేవాళ్లున్నారు, చూడముచ్చటగా ఉంటుంది. మనకు ఇంకా తొందర లేదు.

చేతుల సంగతి కాళ్లకంటే కష్టం. కర్రను పిడికిలి బిగించి పట్టుకుంటే ప్రతి అడుగు అదురూ గుర్రం మెడకు పాకుతుంది, తల సుత్తిలా కొట్టుకుంటుంది. నిజం గుర్రం ట్రాట్‌లో తల నిలకడగా ఉంచుతుంది, క్యాంటర్‌లో మాత్రం మెత్తగా ఊపుతుంది. ముందు కాలు నేలకు ఆనినప్పుడు తల దిగుతుంది, గాలిలోకి లేస్తున్నప్పుడు తలా లేస్తుంది. మణికట్టు వదులుగా ఉంటే ఈ ఊపు దానంతటదే వస్తుంది. వేరే నటించనక్కరలేదు. ఫోనులో పక్కనుంచి చిత్రీకరించుకుని, మీ కాళ్లను వదిలేసి గుర్రం తలనొక్కదాన్నే చూడండి.

ఈ క్రీడకు పుట్టిల్లు ఫిన్లాండ్. అక్కడ దీన్ని కెప్పిహెవోనెన్ అంటారు. కెప్పి అంటే కర్ర, హెవోనెన్ అంటే గుర్రం; మన మాటకు మాట. అక్కడ ఆడేవాళ్లలో ఎక్కువమంది బడి వయసు ఆడపిల్లలు, మీటరు ఎత్తు కడ్డీని దాటేవాళ్లూ వాళ్లలో ఉన్నారు. ఆ వీడియోలు చూసి కుర్చీ మీంచి లేచి నేరుగా దూకబోయే పెద్దల పిక్కలకు నా సానుభూతి. క్యాంటర్‌లో శరీర బరువంతా పదే పదే పాదం ముందు భాగం మీద దిగుతుంది. ఆ దెబ్బ కాచేవి పిక్కలు, మడమ వెనుక ఉండే లావుపాటి స్నాయువు. ఏళ్ల తరబడి కుర్చీకి అలవాటుపడ్డ స్నాయువు ఒక్క వారంలో గట్టిపడదు. కాబట్టి సిమెంటు నేల వద్దు, పచ్చిక మీదో మట్టి మీదో చేయండి. ముందు ఐదు నిమిషాలు నడక, ఆపైన ట్రాట్. క్యాంటర్ ఒక్కో విడత ఇరవై సెకన్లు, మొత్తం ఆరు విడతలు, ఎడమ లీడ్ మూడు, కుడి లీడ్ మూడు. మరునాడు సెలవు. పిక్క బరువెక్కితే సహజమే. పొద్దున మంచం దిగగానే మడమ వెనుక సలుపుతుంటే మాత్రం, అది పూర్తిగా పోయేదాకా గుర్రాన్ని గోడకు ఆనించి ఉంచండి.

కుడిచేతి వాటం ఉన్నవాళ్లకు సాధారణంగా ఒక లీడ్ హాయిగా వస్తుంది, రెండోది మొరాయిస్తుంది. మొరాయించేదాన్నే ముందు చేయండి, ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే.

వచ్చే పాఠానికి రెండు మీటర్ల తేలికపాటి కర్ర ఒకటి సిద్ధం చేసుకోండి. దాన్ని ఎత్తున కట్టే పని లేదు, నేల మీదే పరుస్తాం.