జేసీబీ పిచ్చి ఉన్న పిల్లలకి లివర్ లాగడం కంటే ముందు ఏం నేర్పాలి

పసుపు రంగు బండి కనబడితే చేతిలో ఉన్నది అక్కడే పడేసి పరుగెత్తే పిల్లలు ఉంటారు. మా అబ్బాయి అలాంటివాడే. ఆరేళ్లప్పుడు "నాన్నా, నేనూ నడుపుతా" అని పట్టుబడితే మొదట కసిరాను. తర్వాత ఆలోచిస్తే అది తప్పనిపించింది. వద్దన్నంత మాత్రాన వాడి సరదా పోదు కదా, మనం చూడనప్పుడు ఆగి ఉన్న బండి ఎక్కి లివర్లు లాగుతాడు. దానికంటే మనమే పక్కనుండి నేర్పడం మేలు. కాకపోతే ఏది ముందు, ఏది తర్వాత అన్న వరసే ఇక్కడ ప్రాణం కాపాడేది.

ఒక విషయం మొదటే చెప్పాలి. పని జరిగే చోట చిన్నపిల్లల చేత నిజం బండి నడిపించడం గురించి కాదు నేను రాస్తున్నది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1999లో చేసిన 182వ ఒప్పందం ప్రమాదకరమైన పనుల్లోకి 18 ఏళ్లలోపు వాళ్లను దించకూడదంటుంది, 2020 నాటికి ఆ సంస్థలోని దేశాలన్నీ దాన్ని ఆమోదించాయి. ఇక ఆపరేటర్ ఒళ్లో కూర్చోబెట్టి ఫొటో తీయడం, బకెట్‌లో నిలబెట్టి పైకి లేపించడం లాంటివి ఒక్కసారి కూడా వద్దు. సీటు ఒకటే ఉంది, దాంట్లో కూర్చునేది ఒక్కరే. ఈ మాట పిల్లలకి కూడా ఇలాగే చెప్పండి, ఇట్టే గుర్తుంటుంది.

బండి అంటే ఇక్కడ ప్రొక్లెయిన్, అంటే గొలుసు పట్టాల్లాంటి ట్రాక్‌ల మీద నడుస్తూ పైభాగం చుట్టూ తిరిగే తవ్వే బండి. మొదటి పాఠానికి ఆ బండే అక్కర్లేదు, వాడి చెయ్యి చాలు. భుజం బూమ్ (బండికి అతికి ఉండే పెద్ద చెయ్యి), మోచేయి ఆర్మ్ (దాని చివరనుండే చిన్న చెయ్యి), మణికట్టు బకెట్, నడుం తిప్పితే బండి పైభాగం తిరిగినట్టు. నేల మీద ఒక బంతి పెట్టి, ఒక్కో కీలు మాత్రమే కదుపుతూ దాన్ని తీసి పక్కన పెట్టమనండి. రెండు మూడు సార్లు చేశాక ప్రొక్లెయిన్ ఎలా పనిచేస్తుందో పిల్లలకి ఒంట్లోకి దిగిపోతుంది. పనిలో పనిగా ఇంకోటి కూడా చూపించాలి: నడుం తిప్పినప్పుడు ముందున్న చెయ్యే కాదు, వెనకున్న వీపు కూడా తిరుగుతుంది. నిజం బండిలో ఆ వీపు స్థానంలో టన్నుల బరువున్న ఇనుప దిమ్మ ఉంటుంది.

రెండో పాఠానికి ఆగి ఉన్న బండి కావాలి, దాని యజమాని అనుమతి కావాలి, ఆపరేటర్ పక్కనుండాలి. ఇంజిన్ ఆపేస్తే ఇంకేం కాదులే అనుకుంటాం, కానీ చాలా ప్రొక్లెయిన్లలో ఇంజిన్ ఆగాక కూడా కాస్త ఒత్తిడి లోపల నిలవ ఉండి, తాళం చెవి ఆన్‌లో ఉంటే లివర్ తగలగానే పైకి లేపిన బూమ్ కిందికి దిగిపోతుంది. అందుకని బకెట్ నేలకి ఆనించి ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి, సీటు పక్కనుండే సేఫ్టీ లివర్ లాక్‌లో పెట్టించండి, తాళం చెవి తీసి మీ జేబులో వేసుకోండి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ బండి వైపే ముఖం ఉండాలి. రెండు కాళ్లూ ఒక చెయ్యి, లేదంటే రెండు చేతులూ ఒక కాలు, ఎప్పుడూ మూడు చోట్ల పట్టు ఉండాలి. లివర్ పట్టుకుని పైకి లేవకూడదు, పైనుంచి దూకకూడదు.

ఇప్పుడు అసలు పాఠం. బండి చుట్టూ ఎనిమిది చోట్ల ఎర్ర ప్లాస్టిక్ సీసాలు పెట్టండి, కొన్ని వెనక, కొన్ని కుడి వైపు, ఒకటి ట్రాక్‌కి బాగా దగ్గరగా. పిల్లవాణ్ని సీట్లో కూర్చోబెట్టి, లేవకుండా ఎన్ని కనబడుతున్నాయో లెక్కపెట్టమనండి. క్యాబిన్ ఎడమ పక్కన ఉంటుంది కాబట్టి కుడి వైపు చాలా భాగాన్ని బూమే కప్పేస్తుంది, వెనకేమో ఇంజినూ ఆ ఇనుప దిమ్మా అడ్డం. మావాడు నాలుగే చెప్పాడు. కిందికి దింపి మిగతావి వెతకమంటే, వెనకున్న సీసా దగ్గర ఆగిపోయి, "నేనిక్కడ నిలబడితే అంకుల్‌కి కనబడనా?" అన్నాడు. కనబడవు అన్నాను. ఆ తర్వాత బండి వెనక్కి వెళ్లొద్దని వాడికి నేను మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు. ఎన్నిసార్లు అరిచినా రాని భయం, సీట్లో కూర్చుని చూస్తే వచ్చింది.

అక్కడే సుద్దతో గీతలు కూడా గీయండి. 20 టన్నుల బండి పైభాగం తిరిగేటప్పుడు దాని వెనక భాగం నడిమధ్య నుంచి దాదాపు 2.8 మీటర్ల మేర ఊడ్చుకుపోతుంది. ముందు వైపు ఆర్మ్ పూర్తిగా చాస్తే బకెట్ దాదాపు 10 మీటర్ల దూరం అందుకుంటుంది. పిల్లవాడి చేతే అడుగులు వేయించి ఆ 10 మీటర్లు కొలిపించండి, తను ఎంత దూరంలో నిలబడాలో వాడికే తెలుస్తుంది. నేనైతే ఇంకో అంత కలిపి నిలబెడతాను.

పని చేస్తున్న బండి దగ్గరికి తోసుకుపోకూడదు. దూరంగా నిలబడి ఆపరేటర్ తనను చూసేదాకా ఆగాలి, ఆయన బకెట్ నేలకి దించి, లివర్ల మీంచి చేతులు తీసి, రమ్మని తల ఊపితేనే కదలాలి. పెద్దవాళ్లతో కలిసి వెళ్లినా ఇదే పద్ధతి. ఏదైనా తేడాగా అనిపిస్తే రెండు చేతులూ పక్కలకి చాచి ముందుకూ వెనక్కీ ఊపడం నేర్పండి, అత్యవసరంగా ఆపమని చెప్పే సైగ అది. ఇంట్లో ఆటబండితో ఆడుతున్నప్పుడు మీరు ఆపరేటర్ అవ్వండి, వాడు సైగ చేయగానే నిజంగానే ఆపేయండి. తన సైగకి బండి ఆగుతుందన్న నమ్మకం ఉంటేనే అవసరం పడినప్పుడు చేతులు లేస్తాయి.

గోతుల అంచులూ మట్టి కుప్పలూ కూడా ఆట స్థలాలు కావు. ఘనమీటరు మట్టి దాదాపు టన్నున్నర బరువుంటుంది, అంచు విరిగి మీద పడితే మనం చేతులతో తీసేలోగా ఊపిరి ఆడదు.

లివర్ల సంగతికొస్తే, రెండు చేతులతో నడిపే రిమోట్ బొమ్మ ప్రొక్లెయిన్ మంచి గురువు. ఎక్కువగా వాడే ఐఎస్‌ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) పద్ధతిలో ఎడమ చేతి లివర్ పక్కలకి కదిపితే బండి పైభాగం తిరుగుతుంది, ముందుకూ వెనక్కీ కదిపితే ఆర్మ్ చాచుకుని ముడుచుకుంటుంది. కుడి చేతిది వెనక్కి లాగితే బూమ్ లేస్తుంది, ముందుకి తోస్తే దిగుతుంది, ఎడమకి అంటే బకెట్ ముడుచుకుంటుంది, కుడికి అంటే తెరుచుకుంటుంది. కొన్ని బండ్లలో ఆర్మ్, బూమ్ లివర్లు తారుమారుగా ఉంటాయి కాబట్టి తెలియని బండిలో ఎవరైనా సరే ముందు అడిగి తెలుసుకోవాలని చెప్పండి. వేగం వద్దు. గ్లాసుడు ఇసుక కింద పోకుండా ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి మార్చమనండి, అదే పరీక్ష.

నిజం బండి మీద చెయ్యి వేయాలంటే దానికోసమే కట్టిన చోటికి తీసుకెళ్లండి. ఇంగ్లండ్‌లోనూ అమెరికాలోని న్యూజెర్సీలోనూ ఉన్న డిగ్గర్‌ల్యాండ్ పార్కుల్లో పిల్లలకి తగ్గట్టు మార్చిన బండ్లుంటాయి, ఎత్తును బట్టి నిబంధనలుంటాయి, సిబ్బంది ఉంటారు. మొదటిసారి టెన్షన్ మీకే ఎక్కువ ఉంటుంది, అయినా పక్కనుంచి ఒకేసారి నాలుగు సూచనలు అరవకండి. సిబ్బంది చెప్పేది ఒక్కటే వాడి చెవిన పడాలి.

అక్కడైనా ఆట అయిపోగానే పిల్లలు గభాలున లేచిపోతారు, మోకాలు లివర్‌కి తగిలేది అప్పుడే. బకెట్ కింద పెట్టాలి, సేఫ్టీ లివర్ లాక్ వేయాలి, ఇంజిన్ ఆపాలి, మూడు చోట్ల పట్టుకుని దిగాలి. ఈ నాలుగూ వాడు పైకి చెప్పి, మొదటి మూడూ పూర్తి చేసేదాకా సీటు బెల్టు తీయనివ్వకండి, బెల్టు తీసేది దిగే ముందే.